రచ్చబండ మీద కూర్చునేదెవరు?

‘‘మీ ఊళ్లో గ్రామసభ జరిగిందా అమ్మా?’’ అని కలికిరి చుట్టుపక్కల పల్లెల్లో టమేటా కోతకు పోయే ఆడకూలీలను అడిగి చూడండి. ‘‘ఏమో అన్నా, సంతకాలు పెట్టించుకోని పోయినారు. అదేనేమో’’ అంటారు. ఈ జవాబు మేము ఒక్కచోట కాదు, చాలా పల్లెల్లో విన్నాము.

చట్టం ఏమంటుంది? 1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ప్రకారం పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభలో సభ్యులే. సర్పంచి పిలిస్తే వచ్చిపోయే చుట్టాలు కారు. 2024 ఆగస్టు 23న మన రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒక్కరోజే గ్రామసభలు పెట్టినారు. మంచిదే, మేము కాదనము. కానీ సభ జరగడం వేరు, ఆ సభలో కూలీ నోరు తెరవడం వేరు.

రచ్చబండ అనే మాటకు మా ప్రాంతంతో దగ్గరి సంబంధం ఉంది. ఆ పేరుతో పెట్టిన కార్యక్రమానికి చిత్తూరు జిల్లాకు వస్తూనే 2009 సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టరు ప్రమాదంలో చనిపోయినారు. 2011లో దాన్ని నడిపించిన ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్‌రెడ్డిది ఈ కలికిరి మండలం నగరిపల్లే. ఆ సభల్లో అర్జీలు తీసుకున్నారు, రేషను కార్డులు, పింఛన్లు ఇచ్చినారు. పేదలకు అవీ కావాల్సిందే. అయితే అర్జీ ఇచ్చేవాడు చేతులు కట్టుకొని నిలబడతాడు. మాట్లాడుకోవాలంటే ఎదురెదురుగా కూర్చోవాల.

మరి ఊరి రచ్చబండ సంగతేమిటి? అది పెద్దకులాల మగవాళ్లు కూర్చునే చోటు. దాని ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేతబట్టుకున్న కాలం మా పెద్దలు చూసినారు. ఇప్పుడు అట్లా లేదు గానీ, దళితవాడ ఆడమనిషి పోయి ఆ బండ మీద కూర్చోవడం మటుకు మేమింకా చూడలేదు.

ఈ మండలంలోనే ఒక పల్లెలో కూలీలు రెండు పార్టీలుగా చీలిపోయి, ఒకరి గడప ఇంకొకరు తొక్కడం మానుకున్నారు. ఒక జట్టు కూలి పెంచమంటే రెండో జట్టు పాత కూలికే పోతుంది. లాభం ఎవరికో చెప్పాల్నా? అందరినీ కూర్చోబెడదామని మేము రచ్చబండ దగ్గరే సభ పెట్టినాము. అది మా తెలివితక్కువ. ఆడవాళ్లు దూరంగా గోడవార నిలబడినారు. ముగ్గురు మగవాళ్లు మాట్లాడినారు, నాలుగోవాడు ‘‘ఒరే’’ అన్నాడు, సభ అయిపోయింది. అందులో గంటసేపు మాట్లాడింది మేమేనని కూడా ఒప్పుకోవాల.

రెండోసారి బడి ఆవరణలో పెట్టినాము. వంటలు ముగించుకొని ఆడవాళ్లు వచ్చే వేళకు. ఏ జెండా వద్దన్నాము, మాది కూడా. ఒరే, ఏమే అనకూడదు; ఆసామి అయినా కూలీ అయినా అన్నా, అక్కా అనే పిలవాల. మర్యాద అంటే ఇన్నాళ్లూ కింది నుంచి పైకే పోయింది. అది రెండు వైపులా నడిస్తే తప్ప మాట సాగదు. ఈ షరతు విని ఇద్దరు ఆసాములు లేచిపోయినారు. మిగతా వాళ్లు ఉన్నారు.

ఆ రాత్రి మాటంతా ఉపాధి పని మీదికి పోయింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. 100 రోజులను 125 చేసినామన్నారు. ఖర్చులో 40 శాతం మన రాష్ట్రం నెత్తిన పెట్టినారు. విత్తనం, కోతల కాలంలో ఏడాదికి 60 రోజుల దాకా పనులు ఆపవచ్చన్నారు.

రెండెకరాల చిన్నరైతు ఒకాయన అన్నాడు: ‘‘ఆపడమే మంచిది. కోతకు మనుషులు దొరకక కాయ చెట్టు మీదే మాగిపోతా ఉంది.’’

మేము జవాబు చెప్పబోయినాము. ఒక కూలక్క మమ్మల్ని ఆపింది. ‘‘సరే అన్నా. ధర పడిపోయి నువ్వు తోట కోయకుండా వదిలేస్తివే, ఆ పొద్దు మాకు పని ఎవరిస్తారు?’’

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘‘అదీ నిజమే. ఆ పొద్దు నాకూ ఎవరూ ఇయ్యలేదు’’ అన్నాడు. అక్కడి నుంచి మాట మండీ కమీషను మీదికి, బాక్సుల బాడుగ మీదికి మళ్లింది. మేము నోరు మూసుకొని విన్నాము. నిజం చెప్పాలంటే, మా కరపత్రంలో లేని లెక్కలు ఆ రాత్రి చాలా తెలిసినాయి.

కూలి రేటు తెగలేదు. రెండు పార్టీలు ఒకటి కాలేదు, కావాలని ఎవరూ అడగనూ లేదు. కానీ పాత కూలికి ఎవరూ పోకూడదనే ఒక్క మాట మీద రెండు జట్లూ నిలబడినాయి, ఆ కోత ముగిసేదాకా.

మళ్లీ కూర్చోవడం ఎక్కడ అని అడిగితే, ‘‘బడి కాడ వద్దు, రచ్చబండ కాడే పెట్టండి. ఈసారి మేము ముందుగా వచ్చి కూర్చుంటాము’’ అన్నారు ఆడవాళ్లు. అమావాస్య దాటినాక అని అనుకున్నాము. అక్కడ వీధిదీపం వెలగడం లేదు, దాన్ని ముందు బాగు చేయించాల.