పేరెంటింగ్: బడి టైమ్‌కే కడుపునొప్పి వస్తోందా? పిల్లలకు ముందు ఈ మాటలు నేర్పండి

సోమవారం పొద్దున ఎనిమిదింటికి కడుపునొప్పి. ఆదివారం మాత్రం ఏ నొప్పీ ఉండదు. చాలా ఇళ్లలో దీన్ని ‘బడి ఎగ్గొట్టడానికి నాటకాలు’ అని తేల్చేస్తారు. కానీ చాలాసార్లు అది నాటకం కాదు. భయం, బెంగ, టెన్షన్ లాంటివి చిన్నపిల్లల్లో ముందు ఒంట్లోనే బయటపడతాయి. కడుపులో తిప్పడం, తలనొప్పి, అన్నం సహించకపోవడం.. ఇవన్నీ వాళ్లకు నిజంగానే ఉంటాయి. ‘నాకు భయంగా ఉంది’ అని చెప్పడం రాకపోతే, వాళ్లకు తెలిసిన మాట ‘కడుపునొప్పి’ ఒక్కటే.

అందుకే ఒకటి నుంచి ఐదో తరగతి దాకా చదివే పిల్లలకు అక్షరాలు, ఎక్కాలతో పాటు మనసులో ఏమనిపిస్తోందో చెప్పే మాటలు కూడా నేర్పాలి. దీనికి ప్రత్యేకంగా క్లాసులేం అక్కర్లేదు. ఇంట్లో రోజూ మాట్లాడే మాటలు చాలు.

పేరు పెడితే ఏమవుతుంది?

కాలిఫోర్నియా యూనివర్సిటీ లాస్ ఏంజెలెస్ క్యాంపస్‌లో మాథ్యూ లీబర్‌మన్ అనే సైకాలజిస్ట్ బృందం 2007లో ఒక అధ్యయనం ప్రచురించింది. కోపం, భయం కనిపించే ముఖాల ఫొటోలు చూపిస్తూ కొంతమంది మెదడును స్కాన్ చేశారు. ఆ ముఖంలో కనిపిస్తున్న ఎమోషన్‌కి పేరు పెట్టినప్పుడు, మెదడులో ప్రమాద గంట మోగించే ‘అమిగ్డాలా’ అనే భాగం కాస్త నెమ్మదించింది. అదుపుకి సంబంధించిన ముందు భాగం చురుగ్గా పనిచేసింది.

ఆ అధ్యయనం పెద్దవాళ్లపై జరిగింది. పేరు పెట్టగానే బాధ మాయమైపోతుందని కూడా దాని అర్థం కాదు. కానీ పిల్లల విషయంలో ఇంకో పెద్ద లాభం ఉంది. పిల్లాడు సరైన మాట చెబితేనే పెద్దవాళ్లు సరైన సాయం చేయగలరు.

‘కోపం’ ఒక్కటే కాదు.. తెలుగులో మాటలెన్నో

చాలామంది పిల్లలు శాడ్, యాంగ్రీ, బోర్.. ఈ మూడింటితోనే సరిపెట్టేస్తున్నారు. తెలుగులో మాత్రం ఒక్కో ఫీలింగ్‌కి ఒక్కో మాట ఉంది. మాటను బట్టి మనం చేయాల్సిన పని కూడా మారుతుంది.

బెంగ: అమ్మమ్మ ఊరెళ్లిపోయింది, లేదా నాన్న వేరే ఊళ్లో పనిచేస్తున్నాడు. మనిషి దగ్గర లేరన్న బాధ ఇది. బొమ్మ కొనిస్తే తీరదు. ఒకసారి ఫోన్‌లో మాట్లాడిస్తే తేలికపడుతుంది.

ఉక్రోషం: ఆటలో ఓడిపోయాడు, అందరూ నవ్వారు. ఏమీ చేయలేక ఏడుపూ కోపం కలిసి వస్తాయి. అప్పుడు నీతులు చెప్పకుండా కాసేపు పక్కన కూర్చుంటే చాలు.

అలక: ఇది మన అనుకున్నవాళ్ల మీదే వస్తుంది. పిలిచి మాట్లాడించాలన్నదే అసలు కోరిక.

బెరుకు: కొత్త టీచర్, కొత్త క్లాస్, కొత్త పిల్లలు. అలవాటయ్యేదాకా కాస్త టైమ్ ఇవ్వాలి. తొందరపెడితే ఇంకా ముడుచుకుపోతారు.

కుళ్లు: తమ్ముడో చెల్లో పుట్టాక ఎక్కువగా కనిపిస్తుంది. ‘నువ్వు పెద్దదానివి కదా’ అనే కంటే, రోజూ పది నిమిషాలు తనతో మాత్రమే గడిపితే మేలు.

నామోషీ: ఫీజు కట్టలేదని క్లాసులో అందరి ముందూ నిలబెట్టారు. ఇక్కడ మారాల్సింది పిల్లాడు కాదు. పెద్దవాళ్లు వెళ్లి స్కూల్‌తో మాట్లాడాలి.

ఈ ఆరింటికీ పిల్లలు బయటికి ఒకేలా కనిపించొచ్చు. మూతి ముడుచుకుని మూల కూర్చుంటారు. తేడా తెలిసేది మాట వల్లే.

ఎలా మొదలుపెట్టాలి?

ఆరేడేళ్ల పిల్లలకు ముందు సంతోషం, కోపం, బాధ, భయం చాలు. అద్దం ముందు నిలబడి ఒక్కో ముఖం పెట్టే ఆట ఆడించొచ్చు. కాస్త పెద్దయ్యాక బెంగ, ఉక్రోషం లాంటివి, ఒకేసారి రెండు ఫీలింగ్స్ ఉండొచ్చన్న సంగతీ చెప్పాలి. కొత్త స్కూల్‌కి వెళ్తుంటే సంబరమూ ఉంటుంది, గుబులూ ఉంటుంది.

సినిమాలు కూడా పనికొస్తాయి. 2015లో వచ్చిన ‘ఇన్‌సైడ్ అవుట్’లో సంతోషం, బాధ, కోపం, భయం, అసహ్యం ఐదు పాత్రలుగా కనిపిస్తాయి. 2024లో వచ్చిన రెండో భాగంలో ఆందోళన, అసూయ, సిగ్గు, విసుగు చేరాయి. పిల్లలతో కలిసి చూసి ‘ఇవాళ నీలో ఎవరున్నారు?’ అని అడిగితే మాట దానంతటదే మొదలవుతుంది.

మాట రాని పిల్లలకు రంగులు సాయం చేస్తాయి. యేల్ యూనివర్సిటీ నిపుణులు స్కూళ్ల కోసం తయారుచేసిన ‘మూడ్ మీటర్’లో నాలుగు రంగులుంటాయి. ఉత్సాహంగా ఉంటే పసుపు, ప్రశాంతంగా ఉంటే ఆకుపచ్చ, కోపం, కంగారు లాంటివైతే ఎరుపు, దిగులుగా, నీరసంగా ఉంటే నీలం. ఫ్రిజ్ మీద నాలుగు రంగు కాగితాలు అంటించినా సరిపోతుంది.

అడిగే తీరు ముఖ్యం

‘ఎందుకు ఏడుస్తున్నావ్?’ అని గట్టిగా అడిగితే పిల్లలకు అది విచారణలా ఉంటుంది. ‘ఆట మధ్యలో ఆపేశానని కోపం వచ్చినట్టుంది, అవునా?’ అని చూడండి. ‘కాదు, నువ్వు అక్కనే ముందు అడిగావ్’ అని వాళ్లే సరిచేస్తారు. సరిచేయనివ్వాలి. ఏమనిపిస్తోందో తేల్చాల్సింది వాళ్లే, మనం కాదు.

గట్టిగా ఏడుస్తున్నప్పుడు పాఠం చెప్పొద్దు. మంచినీళ్లు ఇచ్చి, తేరుకున్నాక మాట్లాడాలి. పెద్దవాళ్లు తమ సంగతి కూడా చెప్పుకోవచ్చు. ‘పని ఎక్కువై చిరాగ్గా ఉంది నాన్నా, నీ మీద కోపం కాదు’ అన్న ఒక్క ముక్క చాలు. పిల్లలు అలాగే నేర్చుకుంటారు.

‘మగపిల్లాడివి, ఏడుస్తావా?’, ‘ఇంతదానికేనా?’, ‘పక్కింటి పిల్లాణ్ని చూడు’.. ఈ మూడు మాటలూ వింటే పిల్లలు ఇంకోసారి చెప్పడం మానేస్తారు. అలాగని అన్నీ ఒప్పుకోమని కాదు. కోపం రావడం తప్పు కాదు, చెల్లిని కొట్టడం తప్పు. ఈ రెండింటినీ విడివిడిగా చెప్పాలి.

బడిలో ఏం చేయొచ్చు?

ఢిల్లీ ప్రభుత్వం 2018 జులైలో తన స్కూళ్లలో నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి దాకా ‘హ్యాపీనెస్ కరిక్యులమ్’ మొదలుపెట్టింది. అలాంటి ప్రత్యేక పీరియడ్ లేకపోయినా, హాజరు పిలిచేటప్పుడు ‘ప్రెజెంట్’తో పాటు ఒక రంగు చెప్పించడం ఏ టీచరైనా చేయగలిగిందే. ఇష్టం లేని పిల్లలతో అందరి ముందూ చెప్పించకూడదు. రోజూ నీలం అంటున్న పిల్లని పక్కకు పిలిచి మాట్లాడాలి.

ఎప్పుడు జాగ్రత్తపడాలి?

ప్రతి కడుపునొప్పీ మనసు నుంచి వచ్చేది కాదు. ముందు డాక్టర్‌కి చూపించాలి. ఒంట్లో ఏమీ లేదని తేలాక కూడా వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా, ఫలానా మనిషి పేరెత్తితే వణికిపోయినా తేలిగ్గా తీసుకోవద్దు. ‘భయం’, ‘వద్దనిపించింది’ అనే మాటలు తెలిసిన పిల్లలే ఎవరైనా కొట్టినా, అసభ్యంగా తాకినా ఇంట్లో చెప్పగలుగుతారు.

మానసిక ఇబ్బందులకు టెలీ మానస్ నంబర్ 14416లో తెలుగులోనూ ఉచితంగా సలహా దొరుకుతుంది. పిల్లలు ప్రమాదంలో ఉన్నారనిపిస్తే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి. ఈ రెండు నంబర్లూ ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకోండి.