డిప్రెషన్, బైపోలార్ ఉన్నవారికి తోడుగా అదే జబ్బు ఉన్నవారు: పీర్ సపోర్ట్ గ్రూపుల్లో ఏం జరుగుతుంది?

డిప్రెషన్, బైపోలార్ ఉన్నవాళ్లే ఒకచోట కూర్చుని కష్టసుఖాలు మాట్లాడుకుంటే దాన్ని పీర్ సపోర్ట్ గ్రూప్ అంటారు. అమెరికాలో 1985లో మొదలైన డిప్రెషన్ అండ్ బైపోలార్ సపోర్ట్ అలయన్స్ ఇలాంటి ఉచిత గ్రూపులకు పేరున్న సంస్థ. గ్రూపును నడిపేది డాక్టర్ కాదు, అదే జబ్బుతో బతుకుతున్న మనిషి. మందులు చెప్పడం ఆయన పని కాదు. అందరికీ మాట్లాడే అవకాశం ఇవ్వాలి, అక్కడి మాట బయటికి పోకుండా చూడాలి.

మన ఇళ్లకు ఈ చివరి నియమమే ముఖ్యం. బస్తీలో తెలిస్తే చెల్లెలి రిష్తా చెడిపోతుందని జబ్బును దాచేవాళ్లున్నారు. ఎవరైనా చూస్తారేమోనని మందులే మానేసేవాళ్లూ ఉన్నారు. గ్రూపులో ఆ భయం చెప్పుకుంటే, "మా ఇంట్లోనూ ఇంతే" అనే మనిషి దొరుకుతాడు. దువా చేయండి, మాత్ర కూడా వేసుకోండి. ఒకదానికొకటి అడ్డం కాదు.

రంజాన్ విషయంలో మాత్రం గ్రూపు మాట చాలదు. లిథియం వాడేవాళ్లు రోజా ఉంటే ఒంట్లో నీరు తగ్గి, రక్తంలో మందు ప్రమాదకర స్థాయికి పెరగొచ్చు. సహరీ కోసం నిద్ర చెడితే మేనియా, అంటే నిద్రే అక్కర్లేదనిపించేంత ఉద్రేకం, మళ్లీ మొదలవొచ్చు. అందుకే రంజాన్‌కు ముందే డాక్టర్‌ను అడగాలి. జబ్బు ఉన్నవారికి రోజా విషయంలో సడలింపు ఖురాన్‌లోనే ఉంది.

చనిపోవాలన్న ఆలోచన వస్తే తర్వాతి మీటింగ్ దాకా ఆగొద్దు. ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416కు వెంటనే ఫోన్ చేయండి. 24 గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.