చేపల తూకము – త్రాసు ఎన్నిక

వలలోపడిన చేప నీటినుండి పైకివచ్చిన మరుక్షణమునుండియే దాని వెల తగ్గజొచ్చును. ధాన్యము రేపటికి నిలుచును, బెల్లము ఎల్లుండికి నిలుచును, చేప నిలువదు. కావున చేపను అమ్మువానికిగాని, కొనువానికిగాని తీరికగా వాదించుకొను వ్యవధి యుండదు. తూకము ఒక్కసారి జరుగును. తరువాత చేప మంచులోనికో, వంటయింటికో పోవును; దానితోడనే సాక్ష్యమును పోవును. ఇందుచేతనే మిగిలిన సరకుల త్రాసులకంటె చేపల త్రాసు విషయమున మనము ఎక్కువ జాగ్రత్త వహింపవలసియున్నది.

విశాఖపట్నము, కాకినాడ, మచిలీపట్నము, నిజాంపట్నము మొదలగు రేవులలో చేపలు కొంతమేరకు కుప్పలుగను, గంపలుగను పాటకు పోవుట కలదు. అచ్చట కంటిచూపే త్రాసు. కాని వంజరము, చందువ, రొయ్య వంటి వెలగల సరకునకును, చెరువులలో పెంచిన బొచ్చె, శీలావతులకును కిలోల లెక్కయే ప్రధానము. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెత గోదావరి తీరమున నేటికిని వినవచ్చును. అంతటి చేపను తూచునపుడు ఏబది గ్రాముల తేడా కూడ లెక్కకు వచ్చును.

ఆ తేడా యెంతటిదో చూతము. కిలో నాలుగువందల రూపాయల చేప అనుకొందము. త్రాసు ప్రతి తూకమునకు 50 గ్రాములు తక్కువ చూపినచో అమ్మునట్టి ఆమెకు ఇరువది రూపాయలు నష్టము. దినమునకు పది తూకములు, నెలకు ఇరువదియైదు దినములు అనుకొన్నచో ఆ నష్టము 5,000 రూపాయలగును. త్రాసు ఎక్కువ చూపినచో అదే మొత్తము కొనువారి చేతినుండి పోవును. చెడ్డ త్రాసు చవుకగా దొరకినను, దాని అసలు వెలను మనము దినదినము కొంచెము కొంచెముగా చెల్లించుచునే యుందుమన్నమాట.

మన పెద్దలు వీశలతోను, మణుగులతోను తూచిరి. నూటయిరువది తులములు ఒక వీశ; ఎనిమిది వీశలు ఒక మణుగు. నేటి లెక్కలో వీశ యించుమించు 1,400 గ్రాములు. ఒక్కొక సీమలో ఒక్కొక సేరు వాడుకలో నుండుటచే కలుగు చిక్కులను తొలగించుటకు 1956లో తూనికలు కొలతల ప్రమాణ చట్టము వచ్చినది. 1958 అక్టోబరునుండి కిలోగ్రాము క్రమముగా అమలులోనికి వచ్చినది. ఇప్పుడు అమలులోనున్నది 2009 నాటి చట్టము. కొలమానము ఒకటైనది, కాని దానిని చూపు పరికరములు పలువిధములు. వానిలో ముఖ్యమైనవి మూడు.

మొదటిది కాడి త్రాసు, అనగా మన తక్కెడ. ఇది ఒక బరువును మరియొక బరువుతో పోల్చును. కాడికి రెండుచేతులును సమానమైన పొడవుగలవైనచో, రాళ్లు సరియైనవైనచో, తూకము సరియగును. దీనికి విద్యుత్తు అక్కరలేదు, బ్యాటరీ అక్కరలేదు, వెల తక్కువ. కాని నడుమనుండు కత్తివాదర ఉప్పుగాలికి త్రుప్పుపట్టి మొద్దుబారినచో త్రాసు మందమగును. అప్పుడు పది, ఇరువది గ్రాములు వేసినను ముల్లు కదలదు.

రెండవది స్ప్రింగు త్రాసు. బరువు వ్రేలాడదీసినచో స్ప్రింగు సాగును. బరువు రెట్టింపైనచో సాగుటయు రెట్టింపగును. ఈ సూత్రమును పదునేడవ శతాబ్దమున రాబర్టు హుక్ కనుగొనెను. ఈ త్రాసు తేలికయైనది, కొక్కెమునకు తగిలించి యెచ్చటికైనను కొనిపోవచ్చును. కాని పలుమార్లు అధిక భారము మోసిన స్ప్రింగు తన మొదటి నిడివికి తిరిగిరాదు. త్రుప్పు దానికి మరియొక శత్రువు.

మూడవది ఎలక్ట్రానిక్ త్రాసు. ఇందు ఒక లోహపుదిమ్మె భారమునకు కంటికి కనబడనంత వంగును. దానికి అంటించిన సన్నని తీగెలు సాగి, వాని విద్యున్నిరోధము మారును. ఆ మార్పునే యంత్రము అంకెలుగా చూపును. అంకె స్పష్టముగా కనబడుటచే ఇది నమ్మకము కలిగించును. కాని అంకె స్పష్టముగానుండుట వేరు, సరిగానుండుట వేరు. ఈ భేదమును శ్రోతలు మరువరాదు.

ఇచ్చట ఒక వింత చెప్పవలసియున్నది. స్ప్రింగు త్రాసును, ఎలక్ట్రానిక్ త్రాసును నిజమునకు ద్రవ్యరాశిని కొలువవు. భూమి ఆ వస్తువును లాగు బలమును కొలుచును. ఈ ఆకర్షణ భూమధ్యరేఖకడ కొంత తక్కువ, ధ్రువములకడ కొంత ఎక్కువ. లండనులో సరిచేసిన త్రాసును మరల సరిచేయకయే విశాఖపట్నమునకు తెచ్చి 20 కిలోల చేపలు తూచినచో అది 50 గ్రాములకు పైబడి తక్కువ చూపును. తక్కెడకు ఈ దోషము లేదు. చేపను, రాతిని భూమి ఒక్కతీరుననే లాగును. కావున ఎలక్ట్రానిక్ త్రాసు ఎచ్చట తయారైనను, వాడు ప్రాంతమున ప్రమాణపు రాళ్లతో సరిచూపించుకొనవలెను.

పడవమీద తూకమునకును కారణమిదియే అడ్డు. అలపైకి పడవ లేచునపుడు చేప బరువెక్కినట్లును, దిగునపుడు తేలికయైనట్లును అంకెలు ఊగును. ఊగు పడవలో తూచుటకై తయారైన ప్రత్యేక త్రాసులు కలవు, అవి ఖరీదైనవి. సామాన్యులకు మేలైన మార్గము ఒడ్డుకు వచ్చి, గట్టినేలపై తూచుటయే.

ఇక ఎన్నిక. త్రాసుపై ఒక చిన్నపలక యుండును. దానిమీద గరిష్ఠ భారము, కనిష్ఠ భారము, తరగతి, ఒక్కొక విభాగము విలువ వ్రాయబడియుండును. ప్రభుత్వము ఆ నమూనాను ఆమోదించిన సంఖ్యయు నుండవలెను. వ్యాపారమున సామాన్యముగా వాడునది మూడవ తరగతి త్రాసు. ఉదాహరణమునకు 30 కిలోల త్రాసు, 5 గ్రాముల విభాగము కలదని అనుకొందము. ఈ తరగతిలో కనిష్ఠ భారము ఇరువది విభాగములు, అనగా 100 గ్రాములు. అంతకు తక్కువ రొయ్యలను దానిపై తూచుట తగదు. ముద్రవేయునపుడు అనుమతింపబడు దోషము రెండున్నర కిలోల వరకు రెండున్నర గ్రాములు. పది కిలోల వరకు 5 గ్రాములు. ఆపైన ఏడున్నర గ్రాములు. వాడుకలోనున్న త్రాసునకు ఇందుకు రెట్టింపు వరకు సహింతురు.

దీనినుండి తెలియునదేమి? మన చేపల బరువునకు తగిన త్రాసును కొనవలెను. కిలో, రెండు కిలోల చేపలు విడిగా అమ్మువారికి నూరు కిలోల వేదికత్రాసు పనికిరాదు; దాని విభాగము పెద్దది. పెట్టెలు పెట్టెలుగా తూచు రేవునకు చిన్న బల్లత్రాసు చాలదు. అధికభారముచే అది చెడును. చిల్లర అమ్మకమునకు 30 కిలోల బల్లత్రాసుగాని, మంచి తక్కెడగాని చాలును. గాలమువేసి చేపపట్టు వినోదప్రియులకును, ఇంట సరిచూచుకొనువారికిని కొక్కెముతోనుండు చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు చాలును. అట్టివి వెల తక్కువయే. కాని వానిలో పెక్కింటికి వ్యాపారమునకు అనుమతి లేదు. వానితో సరిచూచుకొనవచ్చునుగాని అమ్మరాదు.

వ్యాపారపు త్రాసు ఏదైనను తూనికలు కొలతల శాఖవారి ముద్ర పొందవలెను. తక్కెడకును, రాళ్లకును రెండేండ్లకొకసారి, ఎలక్ట్రానిక్ త్రాసునకు ఏడాదికొకసారి మరల ముద్ర వేయించవలెను. ఇనుపరాతికి ఒక గుంటలో సీసము పోసి దానిపై ముద్ర కొట్టుదురు. ఆ సీసము ఊడిపోయినను, గీరబడినను ఆ రాయి నమ్మదగినది కాదు. ముద్రపత్రము చూపుమని అడుగుట అమర్యాద కాదు. అది కొనువాని హక్కు, అమ్మువానికి రక్ష.

త్రాసును ఇంటనే పరీక్షించు మార్గములు కొన్ని కలవు. మొదటిది, ఏమియు లేనపుడు సున్న చూపుచున్నదా యని చూచుట. రెండవది, ఒకే వస్తువును మూడుమార్లు తీసి పెట్టి తూచుట. మూడుమార్లును ఒకే అంకె రావలెను. మూడవది, ఆ వస్తువును పళ్లెము నడుమను, నాలుగు మూలలను పెట్టి చూచుట. మూలలలో బరువు మారినచో త్రాసు లోపముగలది. నాలుగవది, ముద్రగల కిలోరాతిని తూచుట. రాయి లేనిచో మంచినీటిని వాడవచ్చును. 30 డిగ్రీల వెచ్చదనమున ఒక లీటరు నీరు సుమారు 996 గ్రాములుండును. ముందుగా ఖాళీపాత్ర బరువును తీసివేయవలెను. కొలతపాత్రలోనే కొంత దోషముండవచ్చును గనుక ఈ పరీక్ష పెద్ద తప్పును పట్టుటకే. గ్రాముల సూక్ష్మమునకు కాదు.

తక్కెడకు మరియొక పరీక్ష. చేపను ఎడమ పళ్లెమునుండి కుడి పళ్లెమునకు మార్చి మరల తూచుడు. మొదట 2,050 గ్రాములు, తరువాత 1,950 గ్రాములు వచ్చినచో కాడిచేతులు సమానముగా లేవని తెలియును. అప్పుడు రెంటి సగటు 2,000 గ్రాములే ఇంచుమించు నిజమైన బరువు. త్రాసు మార్చుకొనువరకు ఈ ఉపాయము పనికివచ్చును.

త్రాసు మంచిదైనను తూచు పద్ధతి చెడ్డదైనచో ప్రయోజనము లేదు. వెదురుగంప నీటిని పీల్చుకొని గంటగంటకు బరువెక్కుచుండును. ఉదయము తీసిన గంపబరువు మధ్యాహ్నమునకు చెల్లదు. దానిని మరల తూచి తీసివేయవలెను. మంచుముక్కలను దులిపి, నీరు ఓడువరకు కొంచెముసేపు గంపను ఎత్తియుంచి, తరువాత తూచవలెను. పొట్ట తీయుటకు ముందు తూచుదురో, తరువాత తూచుదురో ముందుగనే మాటాడుకొనుట మంచిది. చేప కొట్టుకొనుచున్నచో అంకె నిలుచువరకు ఆగవలెను. త్రాసు ప్రక్క బిగించియున్న చిన్న నీటిబుడగ నడుమకు వచ్చునట్లు కాళ్లను సరిచేయవలెను. సామాన్యముగా ఎలక్ట్రానిక్ త్రాసులు 40 డిగ్రీల వేడివరకు పనిచేయుటకే నిర్ణయింపబడినవి. వైశాఖపుటెండలో ఇసుకపై పెట్టక నీడన నుంచవలెను. పని ముగిసినపిదప తడిగుడ్డతో ఉప్పును తుడిచి ఆరబెట్టవలెను. తుంపరకు తట్టుకొను మూతగల త్రాసునకు కొంత వెల ఎక్కువైనను, సముద్రతీరమున అదియే చవుక.

మరి బీదవారి మాటయేమి? గంపనెత్తిన పెట్టుకొని వీధివీధి తిరుగు మత్స్యకార స్త్రీకి క్రొత్త త్రాసు భారమే. ఆమెకు ముద్రగల చిన్న తక్కెడ, మూడునాలుగు రాళ్లు చాలును. వానిని పొడిగా నుంచుకొనవలెను, ముద్రగడువు మరువరాదు. రేవున చేపను అమ్ముకొనువారు సహకార సంఘముగా చేరి మంచి వేదికత్రాసు నొకదానిని కొన్నచో, వ్యాపారి త్రాసుపైననే ఆధారపడవలసిన పని తప్పును. తమ త్రాసుపై ఒకసారి, కొనువాని త్రాసుపై ఒకసారి తూచి చూచుకొనుటకు వీలుగలవారిని మోసగించుట కష్టము.

ఇంటి ఇల్లాండ్రకును మా మనవి యొకటి. చేపలమ్మి చేతిలోని త్రాసును అనుమానించుటకు ముందు దాని ముద్రను చూడుడు. ముద్ర సరిగానున్నచో ఆమె మాటను నమ్ముడు, కొసరు కోరకుడు. సరియైన త్రాసుపై కోరిన కొసరు ఆమె కూలినుండియే పోవును. సరియైన తూకము ఇరువురి సొత్తు. ఒకరికి మాత్రమే మేలుచేయు త్రాసు త్రాసు కానేరదు.