చాటి యిచ్చిన దానము

దానము గుప్తముగా నుండవలెనని మనవారి మాట. కాని గుప్తదానము పొరుగువానిని కదలింపజాలదు.

లండనులోని గ్రేట్ ఆర్మండ్ వీధిలో 1852లో డాక్టరు చార్లెస్ వెస్టు పది పడకలతో పిల్లల ఆసుపత్రిని నెలకొల్పెను. కొలది యేండ్లకే ధనము కరవయ్యెను. 1858 ఫిబ్రవరి 9న ఆసుపత్రి సహాయార్థము జరిగిన విందులో నవలాకారుడు చార్లెస్ డికెన్సు ప్రసంగించెను. ఎడింబరోలోని యొక పేదయింట, అంగడిలో అడిగి తెచ్చిన పాత గ్రుడ్ల పెట్టెయే పాన్పుగా, కిక్కురుమనక పడియున్న రోగియైన పసివానిని వర్ణించెను. నాడు సుమారు మూడువేల పౌండ్లు పోగయ్యెను. అంతటితో నూరకుండక, ఏప్రిలులో తన క్రిస్మసు కథను సభలో చదివి ఆ రాబడిని గూడ నిచ్చెను. ప్రక్కయిల్లు కొనిరి, పడకలు పెరిగెను.

1929లో నాటకకర్త బారీ తన ‘పీటర్ పాన్’ హక్కులను ఆ యాసుపత్రికే ధారపోసెను. రాబడి యెంతయో మాత్రము వెల్లడింపవలదని కోరెను. దానమును దాచలేదు, మొత్తమును దాచెను. తరగతిలో చందాలు వసూలుచేయు ఉపాధ్యాయులు ఈ భేదమును గమనింపవలెను. మొత్తములు పైకి చదివినచో, అయిదు రూపాయలు తెచ్చిన బాలుడు తల వంచుకొనును. మరుసటిసారి ఏమియు తేడు.

బారీ నాటకముపై హక్కుకాలము 1987తో ముగిసెను. మరుసటి యేడు బ్రిటిషు పార్లమెంటు చట్టము చేసి, ఆ దేశమున దానిపై వచ్చు రాబడి ఆ యాసుపత్రికే నిలుచునట్లు చేసెను.