సీలు కొత్తది.. సరుకు పాతది!

* తెరిచిన వీడియో గేములకు మళ్లీ ప్లాస్టిక్ తొడుగు
* కొత్త ధర చెల్లించి నష్టపోతున్న కొనుగోలుదారులు
* పాత వస్తువును కొత్తదని అమ్మడం చట్టరీత్యా అనుచిత వాణిజ్యమే
* సొంత జిల్లాలోనే ఫిర్యాదు చేసే వీలు

అబిడ్స్, నాంపల్లి (హైదరాబాద్): పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకుంటే వీడియో గేము కొనిపెడతానని కుమారుడికి మాట ఇచ్చిన తండ్రి, జిల్లా నుంచి రైలెక్కి నాంపల్లి స్టేషనులో దిగుతాడు. అక్కడి నుంచి అబిడ్స్ నడిచి వెళ్లేంత దూరమే. నాలుగు దుకాణాలు తిరిగి, బేరమాడి, మెరిసే ప్లాస్టిక్ తొడుగులో ఉన్న డబ్బా కొని సంతోషంగా ఇంటిదారి పడతాడు. ఇంటికి వెళ్లి తొడుగు చించాక అసలు విషయం బయటపడుతుంది. డిస్కు మీద వేలిముద్రలు, సన్నని గీతలు కనిపిస్తాయి. లోపలి కాగితంపై ఉన్న సంకేత సంఖ్యను నమోదు చేస్తే 'ఇది ఇప్పటికే వాడబడినది' అన్న సమాధానం వస్తుంది. తిరిగి వెళ్లి అడుగుదామంటే రానుపోను ఛార్జీలు, ఒక రోజు కూలి నష్టం. ఆ కారణంగానే చాలామంది మిన్నకుండిపోతారు. కొనుగోలుదారు మౌనమే ఈ తరహా వ్యాపారానికి పెట్టుబడి.

ఇది అన్ని దుకాణాలకూ వర్తించే మాట కాదు. నిజాయతీగా వ్యాపారం చేసేవారు ఈ ప్రాంతంలో ఎందరో ఉన్నారు. అయితే ఒకసారి తెరిచిన సరుకుకు మళ్లీ సీలు వేయడం ఎంత సులభమో, దాన్ని పసిగట్టడం ఎలాగో, మోసపోతే ఎక్కడికి వెళ్లాలో తెలుసుకోవడం ప్రతి కొనుగోలుదారుకూ అవసరం.

పాత సరుకు అమ్మడం తప్పు కాదు

అబిడ్స్‌కు, పాత వస్తువులకు ఉన్న అనుబంధం ఈనాటిది కాదు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ నడిపిన దుకాణం వల్లే ఈ ప్రాంతానికి ఆ పేరు వచ్చింది. నిజాం ఒకసారి వాడి వదిలేసిన వస్తువులు ఆబిద్ చేతికి చేరేవని, అవే మళ్లీ అమ్మకానికి వెళ్లేవని నగరంలో కథలుగా చెప్పుకుంటారు. నేటికీ ఆదివారం వస్తే అబిడ్స్ కాలిబాటలు పాత పుస్తకాలతో నిండిపోతాయి. సమీపంలోని జగదీష్ మార్కెట్ సెకండ్ హ్యాండ్ సెల్‌ఫోన్లకు పేరుమోసింది.

ఆదివారం కాలిబాట మీద పుస్తకం కొనేవాడికి అది పాతదని తెలుసు. అట్ట చిరిగినా, ఎవరి సంతకమో ఉన్నా అభ్యంతరం చెప్పడు. ధర కూడా అందుకు తగినట్టే ఉంటుంది. వీడియో గేముల్లోనూ ఆడేసిన డిస్కులను దుకాణదారు తక్కువ ధరకు కొని, కొంత లాభం వేసుకుని, 'పాతది' అని చెప్పి అమ్మితే ఎవరికీ పేచీ లేదు. పేద, మధ్యతరగతి పిల్లలకు ఖరీదైన గేములు అందుబాటులోకి వచ్చేది కూడా ఈ దారిలోనే. పాతదన్న సంగతి దాచి కొత్త ధర వసూలు చేసినప్పుడే అది మోసమవుతుంది.

సీలు ఎందుకు ఊడుతుంది?

కొత్త డబ్బా సీలు ఊడటానికి కారణాలు అనేకం. దొంగతనాల భయంతో కొందరు దుకాణదారులు డిస్కును తీసి సొరుగులో భద్రపరిచి, ఖాళీ డబ్బాను మాత్రమే అద్దాల అరలో ఉంచుతారు. చివరి ప్రతి అమ్ముడయ్యేటప్పుడు అదే డబ్బాలో డిస్కు పెట్టి ఇస్తారు. కొనుగోలుదారుకు పనితీరు చూపించేందుకు తెరిచిన గేములు కొన్ని. 'నచ్చలేదు' అంటూ ఒకరిద్దరు వాపసు ఇచ్చినవి కొన్ని. దుకాణంలో పనిచేసేవారు ఇంటికి తీసుకెళ్లి ఆడి తెచ్చినవి మరికొన్ని. ఆడేసిన గేమును ఇచ్చి, కొంత సొమ్ము కలిపి మరో గేము తీసుకెళ్లే మార్పిడి పద్ధతిలో వచ్చినవి ఇంకొన్ని.

వీటిని మళ్లీ కొత్తవిగా మార్చడానికి పెద్ద యంత్రాంగం అక్కరలేదు. వేడి తగిలితే ముడుచుకునే పలుచని ప్లాస్టిక్ తొడుగు, వేడిగాలి ఊదే చిన్న పరికరం ఉంటే నిమిషాల్లో పని పూర్తవుతుంది. మిఠాయి డబ్బాలకు, బహుమతి వస్తువులకు తొడుగు వేసే సామగ్రే ఇక్కడా పనికివస్తుంది.

ప్రలోభం ధరలోనే ఉంది. ప్లేస్టేషన్ 5 పరికరం 2021 ఫిబ్రవరిలో మన దేశంలో విడుదలైనప్పుడు దాని ధర రూ.49,990. అప్పట్లో పేరున్న గేముల గరిష్ఠ చిల్లర ధర రూ.4,999 వరకు ఉండేది. చేతులు మారిన కొద్దీ పాత డిస్కు విలువ పడిపోతుంది. పాత ధరకు కొన్నదాన్ని కొత్త ధరకు అమ్మగలిగితే మధ్యనున్న తేడా అంతా లాభమే.

నష్టం గీతలతో పోదు

'డిస్కు ఆడుతోంది కదా, ఇక నష్టమేముంది?' అని కొందరు వాదిస్తారు. నష్టం ఏ తరహా గేము అన్నదానిపై ఆధారపడి ఉంటుంది.

కంప్యూటరు గేముల్లో అసలు విలువ డిస్కులో కాదు, దానితోపాటు వచ్చే సంకేత సంఖ్యలో ఉంటుంది. 2004 నవంబరులో విడుదలైన 'హాఫ్ లైఫ్ 2' నాటి నుంచి 'స్టీమ్' వంటి ఇంటర్నెట్ ఖాతాకు గేమును ముడివేసే పద్ధతి బలపడింది. ఒక సంఖ్య ఒక ఖాతాకు నమోదైతే మరొకరికి పనికిరాదు. అంటే మొదటివాడు వాడేసిన డబ్బా రెండోవాడికి వట్టి ప్లాస్టిక్ ముక్కే.

ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ డిస్కులు సాధారణంగా ఖాతాకు ముడిపడి ఉండవు. అందుకే వాటికి పాత మార్కెట్ ఉంది. కానీ డబ్బాలో వచ్చే అదనపు పాత్రలు, దుస్తులు, దశల కోసం ఇచ్చే సంకేతాలు ఒక్కసారికే పనిచేస్తాయి. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ 2010లో 'ఆన్‌లైన్ పాస్' విధానం తెచ్చి, పాత డిస్కు కొన్నవారు ఇంటర్నెట్‌లో ఆడాలంటే విడిగా సొమ్ము కట్టాలని షరతు పెట్టింది. విమర్శల నడుమ 2013లో దాన్ని ఉపసంహరించుకుంది.

ఆట పరికరాల విషయంలో ముప్పు ఇంకా ఎక్కువ. నకిలీ డిస్కులు ఆడేలా మార్పులు చేసిన ఎక్స్‌బాక్స్ 360 పరికరాలను 2009 నవంబరులో మైక్రోసాఫ్ట్ భారీ సంఖ్యలో తన ఇంటర్నెట్ సేవల నుంచి నిషేధించింది. ఆ నిషేధం మనిషికి కాదు, యంత్రానికి పడింది. అటువంటి యంత్రం తర్వాత ఎవరి చేతికి వెళ్లినా శిక్ష అనుభవించేది కొన్నవాడే. ఇక వారంటీ విషయానికి వస్తే, పెట్టె మీది సీరియల్ నంబరు, యంత్రం మీది నంబరు వేర్వేరుగా ఉంటే మరమ్మతు కేంద్రంలో చుక్కెదురవుతుంది.

అమెరికాలోనూ ఇదే తంతు

ఈ జాడ్యం మన వీధులకే పరిమితం కాదు. అమెరికాలో అతిపెద్ద గేముల దుకాణాల సంస్థ గేమ్‌స్టాప్ సిబ్బంది కొత్త గేములను ఇంటికి తీసుకెళ్లి ఆడి తేవచ్చని, తర్వాత వాటిని కొత్త ధరకే అమ్ముతున్నారని 2009 ఏప్రిల్‌లో 'కొటాకు' వార్తా వెబ్‌సైట్ కథనం ప్రచురించడం దుమారం రేపింది.

రెండేళ్లకు అదే సంస్థ మరో వివాదంలో చిక్కుకుంది. 2011 ఆగస్టులో విడుదలైన 'డ్యూస్ ఎక్స్: హ్యూమన్ రివల్యూషన్' కంప్యూటరు గేము డబ్బాలో, ఇంటర్నెట్ ద్వారా ఉచితంగా ఆడుకునేందుకు 'ఆన్‌లైవ్' సంస్థ కూపన్‌ను ప్రచురణకర్తలు ఉంచారు. అది పోటీ సంస్థ కూపన్ కావడంతో, డబ్బాలు తెరిచి వాటిని తీసివేయాలని గేమ్‌స్టాప్ తన దుకాణాలను ఆదేశించింది. ఆ డబ్బాలనే కొత్తవిగా అమ్మింది. విమర్శలు వెల్లువెత్తడంతో గేమును అరల నుంచి తొలగించి, కొన్నవారికి 50 డాలర్ల బహుమతి కార్డులు ఇవ్వాల్సి వచ్చింది. కొనుగోలుదారులు గొంతు విప్పబట్టే అంత పెద్ద సంస్థ సైతం దిగివచ్చింది.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో ఈ విషయమై చట్టం స్పష్టంగా ఉంది. బాగుచేసిన, సెకండ్ హ్యాండ్, పునరుద్ధరించిన లేదా పాత వస్తువులను కొత్తవని తప్పుగా చెప్పి అమ్మడం 'అనుచిత వాణిజ్య పద్ధతి' అని 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టమే పేర్కొంది. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన 2019 చట్టం సెక్షన్ 2(47)లోనూ ఆ నిర్వచనం కొనసాగింది. రసీదు ఇవ్వకపోవడాన్ని, లోపమున్న సరుకును వాపసు తీసుకోవడానికి నిరాకరించడాన్ని కూడా కొత్త చట్టం ఇదే కోవలో చేర్చింది. రసీదులో గడువు రాయని పక్షంలో 30 రోజుల్లోగా వాపసు కోరవచ్చు.

'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని రసీదు అడుగున ముద్రించినంత మాత్రాన దుకాణదారు బాధ్యత తీరిపోదు. ఈ తరహా షరతులు చెల్లవని వినియోగదారుల న్యాయస్థానాలు పలుమార్లు తేల్చిచెప్పాయి. ఉద్దేశపూర్వకంగా మోసగించినట్లు ఆధారాలుంటే పోలీసులకు కూడా ఫిర్యాదు చేయవచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్ మోసానికి సంబంధించినది. గతంలో భారత శిక్షాస్మృతి 420వ సెక్షన్ కింద నమోదైన నేరం ఇదే.

ఫిర్యాదు ఎక్కడ? ఎలా?

ముందుగా దుకాణదారుకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. స్పందన లేకుంటే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరులో ఫిర్యాదు చేయవచ్చు. చాలా వివాదాలు ఈ దశలోనే పరిష్కారమయ్యే అవకాశం ఉంది.

అప్పటికీ ఫలితం లేకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. నాంపల్లి ఎం.జె.రోడ్డులోని చంద్రవిహార్ భవన సముదాయం చాలాకాలంగా హైదరాబాద్ జిల్లా వినియోగదారుల ఫోరాల చిరునామాగా సుపరిచితం. వస్తువు కొన్న వీధికి కూతవేటు దూరంలోనే న్యాయం కోరే చోటు ఉండటం విశేషం. అయితే జిల్లాల నుంచి వచ్చి కొన్నవారు మళ్లీ నగరానికి రావాల్సిన అవసరం లేదు. ఫిర్యాదుదారు నివసించే లేదా పనిచేసే చోటనే కేసు వేసే హక్కును 2019 చట్టం సెక్షన్ 34 కల్పించింది.

చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు. న్యాయవాదిని పెట్టుకోవాలన్న నిబంధన కూడా లేదు. సంఘటన జరిగిన రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. ఇంటి నుంచే దాఖలు చేసేందుకు 2020 సెప్టెంబరులో 'ఈ-దాఖిల్' వెబ్‌సైట్ ప్రారంభమైంది. 2025 జనవరి 1 నుంచి 'ఈ-జాగృతి' వేదిక అందుబాటులోకి వచ్చింది. ప్రయోగశాల పరీక్ష అక్కరలేని ఫిర్యాదులను, ప్రతివాదికి నోటీసు అందిన మూడు నెలల్లోగా పరిష్కరించేందుకు కృషి చేయాలని చట్టం నిర్దేశిస్తోంది. కమిషన్ ఆదేశాన్ని అమలు చేయని వ్యాపారికి నెల నుంచి మూడేళ్ల వరకు జైలు లేదా రూ.25 వేల నుంచి రూ.లక్ష వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు.

కొనేముందు ఇవి గమనించండి

* కర్మాగారంలో వేసిన తొడుగు బిగుతుగా, అతుకులు తీరుగా ఉంటాయి. మూలలు వదులుగా ఉన్నా, వేడికి కరిగిన మరకలు కనిపించినా అనుమానించాలి.
* గరిష్ఠ చిల్లర ధర, దిగుమతిదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరం ముద్రించిన చీటీ డబ్బా మీద ఉండాలి. ప్యాకేజీ సరుకులకు ఈ వివరాలను 2011 నాటి తూనికలు, కొలతల నిబంధనలు తప్పనిసరి చేశాయి.
* దుకాణంలోనే, అమ్మినవారి ఎదుటే తెరవాలి. వీలైతే సెల్‌ఫోన్‌లో వీడియో తీసుకోవాలి.
* డిస్కును వెలుతురుకు అడ్డంగా పట్టి చూడాలి. బ్లూరే డిస్కులకు గట్టి పూత ఉంటుంది కనుక గీతలు లేనంత మాత్రాన కొత్తదని నమ్మరాదు. వేలిముద్రలు, గీకిన సంకేత కాగితాలు, తప్పిపోయిన పుస్తకాలు కూడా పరిశీలించాలి.
* ఆట పరికరమైతే పెట్టె మీద, యంత్రం మీద సీరియల్ నంబర్లు సరిపోల్చాలి. మొదటిసారి వెలిగించగానే భాష, ఖాతా వివరాలు అడగాలి. ఎవరిదైనా పేరు అప్పటికే కనిపిస్తే అది వాడినదే.
* రసీదు మీద గేము పేరు, సీరియల్ నంబరు, 'కొత్తది' అన్న మాట రాయించుకోవాలి. చిత్తుకాగితం మీద అంకెలు వేసి ఇస్తే ఒప్పుకోరాదు.

ఒక్క మాట రాస్తే చాలు

తెరిచిన ప్రతి డబ్బా వెనుకా మోసమే ఉందనలేం. ప్రదర్శన కోసం తెరిచిన సరుకు దుకాణదారుకు భారం కాకూడదు. అందుకు పరిష్కారం తేలిక. 'తెరిచినది' అని డబ్బా మీద, రసీదు మీద రాసి, ధర కొంత తగ్గిస్తే కొనేవారు సంతోషంగానే కొంటారు. అలా చెప్పి అమ్మే వ్యాపారి దగ్గరకే మళ్లీ వస్తారు. దాచి అమ్మే వ్యాపారి వల్ల నష్టపోయేది కొనుగోలుదారు ఒక్కడే కాదు, పక్క దుకాణంలో న్యాయంగా అమ్ముతూ ఎక్కువ ధర చెబుతున్నాడన్న నింద మోసే వ్యాపారి కూడా.

ఇంటి దగ్గర ఎదురుచూసే పిల్లవాడికి తండ్రి ఇచ్చిన మాట ముఖ్యం. ఆ మాట నిలవాలంటే ప్లాస్టిక్ తొడుగు మెరుపును కాక, చేతికొచ్చిన రసీదును చూసి నమ్మడం మేలు.