ఒక్క ఎలక్ట్రాను వెలితి

పప్పులో ఉప్పు చాలలేదని అడుగువారే కాని, ఆ ఉప్పులో ఏమున్నదని అడుగువారు అరుదు. దాని బరువులో నూటికి 60 పాళ్లకు మించి క్లోరిను. 1915 ఏప్రిల్ 22న బెల్జియములోని ఈప్రె పట్టణము చెంత జర్మను సేన శత్రువులపై వదలిన విషవాయువు ఈ క్లోరినే. తక్కినది సోడియము, నీట వేసిన తోడనే చిటపటలాడుచు ఒక్కొక్కప్పుడు మంటలు లేపు లోహమది. ఇట్టి రెండును కలిసి మన విస్తరిలోనికి ఎట్లు వచ్చినవో నేడు ముచ్చటింపదలచితిమి.

పరమాణువు నడుమ కేంద్రకమును, దాని చుట్టును పొరలు పొరలుగా ఎలక్ట్రానులును ఉండును. ఇతర పరమాణువులతో ఇచ్చిపుచ్చుకొనుట ముఖ్యముగా వెలుపలి పొరలోని ఎలక్ట్రానుల వంతు. వీనినే సంయోజక ఎలక్ట్రానులందురు. పెక్కు మూలకములకు ఆ పొరలో ఎనిమిది చేరినచో స్థిమితము కలుగును. సోడియమునందు ఎలక్ట్రానుల వరుస 2, 8, 1. క్లోరినునందు 2, 8, 7. ఒకదానికి ఒకటి మిగులు. రెండవదానికి ఒకటి వెలితి. సోడియము తన ఒంటి ఎలక్ట్రానును విడిచి ధనావేశమును, క్లోరిను దానిని గైకొని ఋణావేశమును పొందును. ఆ రెండును ఒకదానినొకటి ఆకర్షించి ఉప్పురవ్వలగును. పరమాణువులకు కోరికలున్నవని మా భావము కాదు. తక్కువ శక్తిగల స్థితికి చేరుటయే ఇందలి మర్మము.

1869లో రష్యా శాస్త్రజ్ఞుడు మెండలీవ్ మూలకములను పరమాణుభారముల వరుసలో పేర్చి, ఒకే తీరు గుణములు మరల మరల వచ్చుటను చూపెను. ఎలక్ట్రాను సంగతి లోకమునకు తెలిసినది 1897లో. కారణము తెలియకయే కుటుంబములను పోల్చుకొనుట సామాన్యమా!

క్లోరిను కుటుంబమున ఫ్లోరిను లేత పసుపు వాయువు, బ్రోమిను ఎర్రని ద్రవము, అయొడిను నల్లని ఘనపదార్థము. చూచుటకు పోలిక లేదు. అయినను అన్నిటికిని వెలుపలి పొరలో ఏడే. అన్నియు సోడియముతో ఒకటికొకటిగా కలిసి లవణములిచ్చును. కుళాయినీటిలో క్లోరిను క్రిములను చంపుటయు, గాయమునకు అయొడిను పూయుటయు ఎలక్ట్రానును లాగుకొను ఈ గుణము వలననే. ఫ్లోరినులో ఆ పొర కేంద్రకమునకు మిక్కిలి చేరువ గనుక లాగుడు బలము మెండు. దానిని వేరుపరుపబోయి కొందరు ప్రాణములే పోగొట్టుకొనిరి. తుదకు 1886లో ఫ్రాన్సు దేశీయుడగు మొయిసాన్ సాధించెను.

నల్గొండ ప్రాంతపు బావులలోని ఫ్లోరైడు ఈ ఫ్లోరిను సంతతియే. నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో దీని వలని వ్యాధిని వైద్యులు 1937లోనే ప్రకటించిరి. నీటిలోని ఫ్లోరైడుకు ఎనిమిది ఎలక్ట్రానులును నిండియున్నవి; వాయువునకున్న ఉగ్రత లేదు. మరి కీడెట్లు? మన ఎముకలలో కాల్షియము, ఫాస్ఫేటులతోపాటు హైడ్రాక్సైడు అను కణముండును. దానికిని ఒక ఋణావేశమే, పరిమాణమును ఇంచుమించు ఫ్లోరైడుదే. అందుచే ఫ్లోరైడు దాని చోటనే ఇమిడిపోవును. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగిన ఊళ్లలో పిల్లల పండ్లపై మచ్చలు పడును. మోతాదు మరింత హెచ్చిన చోట్ల పెద్దల కీళ్లు బిగిసి, నడుము వంగిపోవును.

కాచిన నీరు మేలని తలచు గృహిణులు ఒకటి గమనింపవలెను. కాచినపుడు ఆవిరియై పోవునది నీరు. ఫ్లోరైడు పాత్రలోనే నిలిచి మరింత చిక్కనగును. బ్లీచింగు పొడియు దానిని తొలగింపజాలదు. నాగపురములోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ రూపొందించిన నల్గొండ పద్ధతిలో నీటికి సున్నమును, పటికను కలిపి కొంతసేపు కలియబెట్టుదురు. పటికనుండి పుట్టిన తెట్టె ఫ్లోరైడులో చాల భాగమును పట్టుకొని అడుగునకు దిగును; పైని తేటను వంచుకొనవలెను. పటిక ఎంత వేయవలెనన్నది ఆ నీటిలోని ఫ్లోరైడును బట్టి యుండును. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు, నాలుకకు తెలియదు గనుక ముందుగా నీటిని పరీక్షకు పంపవలెను.