క్షమాభిక్ష – మినహాయింపు స్థితి: భూమయ్య, కిష్టాగౌడ్‌ల ఉరి వెలుగులో రాజకీయ దైవశాస్త్రం

దైవశాస్త్రంలో అద్భుతానికి ఉన్న స్థానమే న్యాయశాస్త్రంలో మినహాయింపు స్థితికి ఉందని కార్ల్ ష్మిట్ 1922లో ‘రాజకీయ దైవశాస్త్రం’ గ్రంథంలో ప్రతిపాదించాడు. దేవుడు ప్రకృతి నియమాన్ని ఆపగలిగినట్లే సార్వభౌముడు చట్టాన్ని నిలిపివేయగలడు. 1933లో నాజీ పార్టీలో చేరిన ఈ న్యాయవేత్తను మనం అనుమానంతోనే చదవాలి. చదవక మాత్రం తప్పదు.

1975 జూన్ 25న 352వ అధికరణం కింద అంతర్గత అత్యవసర పరిస్థితిని ప్రకటించారు. వరంగల్ నుండి ‘సృజన’ పత్రికను నడిపిన వరవరరావును మీసా కింద నిర్బంధించారు. అయితే అదే చట్టం కింద ఆయన 1973లోనే ఒకసారి అరెస్టయ్యారు. 1971 డిసెంబరులో యుద్ధం కారణంగా ప్రకటించిన అత్యవసర పరిస్థితి కూడా అప్పటికి రద్దు కాలేదు. పీడితులకు మినహాయింపే నియమమన్న వాల్టర్ బెంజమిన్ 1940 నాటి ఆలోచనకు ఈ తేదీలే సాక్ష్యం.

ఈ కాలాన్ని వివరించడానికి మన పరిశోధకులు ఎక్కువగా జార్జియో అగాంబెన్‌ను ఆశ్రయిస్తారు. చట్టరక్షణ కోల్పోయిన ‘నగ్నజీవితం’ అనే ఆయన భావన మీసా నిర్బంధితులకు చక్కగా అన్వయిస్తుంది. జీవించే హక్కు కోసం కూడా హెబియస్ కార్పస్ కింద కోర్టును ఆశ్రయించే వీలు వారికి లేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పునిచ్చింది. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు.

కానీ ఆదిలాబాద్ జిల్లా రైతాంగ విప్లవకారులు భూమయ్య, కిష్టాగౌడ్‌ల విషయంలో ఈ అన్వయం కుదరదు. 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైలులో వారిని ఉరితీశారు. వారి విషయంలో చట్టం ఆగిపోలేదు. విచారణ, శిక్ష, అప్పీలు, క్షమాభిక్ష దరఖాస్తు అన్నీ క్రమంగా నడిచాయి. వారిది రాజకీయ చర్య కాబట్టి ఉరి తగదన్న వాదన సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. క్షమ కార్యనిర్వాహక పరిధిలోనిదని కోర్టు ఆ వినతిని తోసిపుచ్చింది.

ష్మిట్ చెప్పిన అద్భుతానికి మన రాజ్యాంగంలో అత్యంత సమీపంగా ఉన్నది 352 కాదు, 72వ అధికరణం అని నా అభిప్రాయం. చట్టం విధించిన మరణాన్ని ఒక్క సంతకంతో ఆపగల అధికారమది. చట్టాన్ని ఎక్కడికక్కడ నిలిపివేసిన ప్రభుత్వం ఈ ఇద్దరి కోసం మాత్రం దాన్ని నిలపలేదు. అద్భుతాన్ని ప్రదర్శించడంలోనే కాక నిరాకరించడంలోనూ సార్వభౌమత్వం వ్యక్తమవుతుంది. ష్మిట్‌లోనూ అగాంబెన్‌లోనూ ఈ రెండో పార్శ్వానికి తగిన చోటు దక్కలేదు.

1978 నాటి 44వ సవరణ ‘అంతర్గత కల్లోలం’ స్థానంలో ‘సాయుధ తిరుగుబాటు’ను చేర్చింది. 20, 21 అధికరణాల అమలును అత్యవసర పరిస్థితిలోనూ నిలిపివేయరాదని నిర్దేశించింది. 72వ అధికరణాన్ని అది తాకలేదు.